రోములో అమ్మా నాయనలతో తొమ్మిది రోజులు: తిండి, నీళ్ళు, మోకాళ్ళు

మా నాయన హెచ్చెల్సీ మీద పనిచేసి రిటైరయ్యాడు. తుంగభద్ర నుంచి మా అనంతపురానికి నీళ్ళు తెచ్చే కాలువ అది. తూములు, గండ్లు, షట్టర్లు, ఎక్కడ నీళ్ళు ఊరిపోతున్నాయి, ఎవరు రాత్రిపూట పైపులేసి లాగుతున్నారు, ఆయన ఉద్యోగమంతా ఇదే. అట్లాంటి మనిషి రోములో దిగిన మొదటి సాయంత్రం వీధి మలుపులో ఒక ఇనప కొళాయి దగ్గర ఆగిపోయాడు. నడుమెత్తు స్తంభం, వంకీ తిరిగిన గొట్టం, దాంట్లోంచి ధారగా నీళ్ళు. కట్టేద్దామని చెయ్యి పెట్టి వెతికాడు, తిప్పేదేమీ లేదు. "ఏం పాపా, రాత్రీ పగలూ ఇట్లే పోతాంటాయా ఈ నీళ్ళు?" అని అడిగాడు.

అవును, ఇట్లే పోతుంటాయి. వీటిని అక్కడ నసోనె అంటారు, పెద్ద ముక్కు అని అర్థం. 1874లో పెట్టడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఊరంతా కలిపి సుమారు 2,500 ఉన్నాయి. తాగే నీళ్ళే, చల్లగా, తియ్యగా ఉంటాయి. వంగి తాగలేని పెద్దవాళ్ళకు ఒక ఉపాయం ఉంది: గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగెయ్యొచ్చు. ఇది ఎవరూ చెప్పలేదు, పక్కింటి పిల్లోడు చేస్తుంటే చూసి మా అమ్మ నేర్చుకుంది. కాబట్టి రోముకు నా మొదటి సలహా ఇదే, నీళ్ళ సీసా కొనొద్దు. ఖాళీ సీసా ఒకటి సంచిలో ఉంచుకోండి చాలు. హోటల్లో కూర్చుంటే మాత్రం సీసా నీళ్ళే తెస్తారు, బిల్లులో వేస్తారు, అందుకే దారిలో కడుపునిండా తాగి లోపలికి వెళ్ళడం మాకు అలవాటైపోయింది.

ఈ పోస్టు అమ్మానాన్నలను తీసుకెళ్దామనుకునే వాళ్ళ కోసం రాస్తున్నాను. ఒక్కళ్ళే వెళ్ళే కుర్రాళ్ళకు బోలెడు వీడియోలున్నాయి. అరవై దాటిన ఇద్దరితో, అందులో ఒకరికి మోకాళ్ళ నొప్పి, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారం, ఇట్లాంటి ఇంటికి ఏం చెయ్యాలో రాసినవాళ్ళు నాకు దొరకలేదు. వెళ్ళే ముందు నెల రోజులు నేను పడిన టెన్షన్ అంతా దీని గురించే.

మేం ఏప్రిల్లో, ఈస్టర్ రద్దీ పోయాక వెళ్ళాం. ఇక్కడ 40 దాటి మాడుతుంటే అక్కడ హాయిగా ఉంది. మూడు రోజుల్లో రోము చూసేయొచ్చని అందరూ అంటారు. చూడొచ్చేమో, మా అమ్మతో కాదు. మేం మన ఊరి ఎండాకాలం పద్ధతి పెట్టుకున్నాం: పొద్దున్నే లేచి ఏడున్నరకల్లా బయట, ఒక్కటంటే ఒక్క పెద్ద చోటు, పన్నెండున్నరకు తిండి, ఇంటికెళ్ళి నడుం వాల్చడం, మళ్ళీ నాలుగింటికి బయటికి. తర్వాత తెలిసింది, ఆ ఊరు నడిచే తీరు కూడా ఇదేనని. చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం తలుపులు మూసి మూడింటికో నాలుగింటికో తెరుస్తారు. మంచి హోటళ్ళలో రాత్రి భోజనం ఏడున్నరకు ముందు దొరకదు. మా నాయనకు ఏడింటికే కంచం ముందుండాలి కాబట్టి ఇది ముందే తెలుసుకోవడం మంచిది, లేదంటే ఆకలితో వీధులు తిరగాల్సి వస్తుంది. ఇంకొకటి, ఆ ఊరి పాత వీధులన్నీ నల్లరాతి ముక్కలు పరిచినవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. చెప్పులతో నడవలేరు. అమ్మ చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుంది, మొదట సిగ్గుపడింది, రెండో రోజు నుంచి ఇంట్లో కూడా విప్పలేదు.

ఉండటానికి తెర్మిని స్టేషన్‌కు దగ్గర్లో, పియాత్సా విత్తోరియో అనే చౌకు పక్కన వంటగది ఉన్న చిన్న ఇల్లు తీసుకున్నాం. ఇది బాగా ఆలోచించి చేసిన పని, మీరూ చెయ్యండి. అక్కడ ఎస్క్విలినో మార్కెట్ అని పెద్ద కూరగాయల మార్కెట్టుంది. బియ్యం, కందిపప్పు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర అన్నీ ఉన్నాయి. బంగ్లాదేశ్ వాళ్ళ అంగళ్ళు చాలా. అమ్మకు వచ్చిన కొద్దిపాటి హిందీతోనే బేరం కూడా జరిగింది. రాత్రి అన్నం, పప్పు, ఇంటినుంచి తెచ్చిన చెనిక్కాయల పొడి, అంతే. పగలు ఎంత కొత్త తిండి తిన్నా రాత్రి ఈ ముద్ద ఉంటే పెద్దవాళ్ళు తొమ్మిది రోజులూ చలాకీగా ఉంటారు. పొడులు, ఊరగాయ చెక్ ఇన్ పెట్టెలో పెట్టండి, నూనె ఉన్న ఊరగాయను చేతి సంచిలో రానివ్వరు. నెయ్యి, కోవా, పాలతో చేసిన ఏ స్వీటూ తీసుకెళ్ళకండి. బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేకూడదని నియమం. మా అత్త ప్రేమగా కట్టిచ్చిన పాలకోవా డబ్బాను బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందే ఇంట్లో పెట్టించాను, అమ్మ కాసేపు మాట్లాడలేదు.

ఇక బయటి తిండి. రోము పాస్తాలు నాలుగు పేరుమోసినవి. అందులో కార్బొనారా, అమత్రిచానా, గ్రిచా మూడింట్లోనూ పంది చెంప మాంసం ముక్కలుంటాయి. నాలుగోది కాచో ఎ పేపే. గొర్రెపాల చీజు, దంచిన మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్ళు, ఇంతే దాంట్లో. మిరియాల ఘాటు ముక్కుకు తగులుతుంది, నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ గొర్రెపాల చీజుకు, పెకొరీనో అంటారు, పాలను గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. ఈ సంగతి నేను అమ్మకు ముందే చెప్పాను, వద్దంది. మీ ఇంట్లో వాళ్ళు పట్టింపుగా ఉండేవాళ్ళైతే మీరు కూడా ముందే చెప్పండి, తిన్నాక తెలిస్తే వాళ్ళ మనసు బాధపడుతుంది. అమ్మకు దొరికిన దారులు వేరే. పెన్నె అర్రాబియాతా అని టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చితో చేస్తారు, చీజు చల్లొద్దని చెబితే చాలు. పిజ్జా మరినారా అని చీజే లేని పిజ్జా ఉంది, టమాటా, వెల్లుల్లి, వాము వాసనకు దగ్గరగా ఉండే ఒరెగానో. అన్నిటికంటే అమ్మ మళ్ళీ మళ్ళీ అడిగింది చికోరియా రిపస్సాతా. చేదుగా ఉండే ఒక ఆకుకూరను ఉడకబెట్టి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి నూనెలో వేపుతారు. ఆలివ్ నూనె బదులు చెనిక్కాయ నూనె ఉంటే మన ఇంటి వేపుడే. మెనూలో చివర కూరల వరుసలో చిన్నగా రాసి ఉంటుంది, ఎవరూ చూడరు.

గుమ్మడి పువ్వు బజ్జీలాంటిది ఒకటి ఎక్కడ చూసినా కనబడుతుంది, ఫియోరి ది జుక్కా అంటారు. చూడగానే అమ్మ చెయ్యి చాచింది. ఆగండి, దాని కడుపులో చీజుతో పాటు చిన్న చేప ముక్క పెడతారు. సుప్ప్లీ అనే అన్నం ఉండలూ అంతే, మామూలుగా మాంసం రసంతో కలిపే చేస్తారు. "సెంత్సా కార్నే, సెంత్సా పేషె" అని రెండూ చెప్పాలి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. ఒక్క మాంసం మాట చెబితే చేప వస్తుంది.

దీనికి మేం మూల్యం చెల్లించాం కూడా. రెండో రోజు ఒక పెద్ద చౌకు పక్కన, తిండి ఫొటోలు అతికించిన బోర్డు పెట్టి వీధిలోకొచ్చి పిలుస్తున్న ఒక హోటల్లో కూర్చున్నాం. ఎండకు అమ్మ అలిసిపోయింది, ఇంకో అడుగు వేసే ఓపిక లేదు. కూరగాయల సూపు అడిగితే అందులో అడుగున పంది మాంసం తునకలొచ్చాయి. అడగని రొట్టెకు డబ్బులు వేశారు. అమ్మ ఆ పూట అరటిపండుతో సరిపెట్టుకుంది. తీసుకెళ్ళింది నేను, ఆమె ఆకలితో కూర్చుంది, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. పిలిచే మనిషి ఉన్నచోట కూర్చోకండి, రెండు సందులు లోపలికి పోండి.

పగటిపూటకు మేం ఎక్కువగా నమ్ముకున్నది తూకం పిజ్జా. పెద్ద రేకుల్లో పొడుగ్గా కాల్చి పెడతారు, ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు. ఆలుగడ్డ పలుచటి ముక్కలు పరిచిన పిజ్జా అడగండి, మా నాయనకు అదే అన్నం. యూదుల పాత వాడలో, ఘెట్టో అంటారు, ఏప్రిల్లో ఆర్టిచోక్ అనే పూమొగ్గను నిలువునా నూనెలో రెండుసార్లు వేయించి పెడతారు. విచ్చుకున్న తామరలా ఉంటుంది, రేకులు అప్పడంలా కరకరలాడతాయి, లోపల మెత్తన. శీతాకాలం చివరి నుంచి వసంతం దాకా దాని సీజన్. అక్కడ యూదుల ఆచారం ప్రకారం నడిచే హోటళ్ళలో పాల వంటలు చేసే చోట మాంసం వంటింట్లోకే రాదు, చేప ఉంటుంది. ఒకే గరిటె అన్నిటికీ వాడతారేమో అని దిగులుపడే అమ్మలకు ఈ ముక్క పనికొస్తుంది.

బార్ అని బోర్డుంటే భయపడకండి, అది కాఫీ అంగడి. కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే వేరే ధర. పొద్దున పూట కపుచినో మన పాలకాఫీకి దగ్గర. ఐస్‌క్రీముకు ఒక్క గుర్తు చెబుతాను: పిస్తా రంగు చూడండి, పచ్చగా మెరిసిపోతుంటే వద్దు, మట్టిపచ్చగా ఉంటే కొనండి.

చూడాల్సినవాటిలో మా నాయన ఎక్కువసేపు గడిపింది పాంథియన్‌లో. మేం వెళ్ళినప్పుడు టికెట్ 5 యూరోలు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయిన గుడి అది, తర్వాత చర్చి చేశారు కాబట్టే చెక్కుచెదరకుండా నిలిచింది. గుమ్మటం అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి పైదాకా ఎత్తూ అంతే. ఇనుము వెయ్యని కాంక్రీటు. కిందేమో బరువైన రాతి ముక్కలు, పైకి పోయేకొద్దీ తేలికవి, చివరకు నీళ్ళమీద తేలే అగ్నిపర్వతపు రాయి కలిపి పోశారు. నడినెత్తిన పెద్ద గుండ్రటి రంధ్రం, ఆకాశం కనబడుతుంది. అందరూ పైకి చూసి ఫొటోలు తీస్తున్నారు. మా నాయన కిందికి చూస్తున్నాడు. "పైన తెరిచి పెట్టినారు కదా, వాన పడితే నీళ్ళెట్ల పోతాయి?" అని వెతికి వెతికి కనిపెట్టాడు. నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంది, అంచులకు వాటం ఇచ్చారు, రాతిలో చిన్న చిన్న రంధ్రాలు తొలిచారు. అట్లాంటివి 22 ఉన్నాయి. కంటికి తెలియని వాటం. మోకాళ్ళ మీద కూర్చుని ఆ రంధ్రాలను వేలితో తాకుతుంటే కాపలా అతను వచ్చి నవ్వి పోయాడు.

ముందు గోడ మీద పెద్ద అక్షరాల్లో అగ్రిప్ప, అగస్టస్ చక్రవర్తి సేనాని, కట్టించాడని ఉంటుంది. అది అంతకుముందు అదే చోట ఉన్న పాత గుడి సంగతి, హేడ్రియన్ ఆ పేరు అట్లే ఉంచాడు. ఈ అగ్రిప్పే క్రీ.పూ. 19లో ఆక్వా విర్గో అనే కాలువ తెచ్చాడు, దాదాపుగా అంతా భూమి కిందే. మధ్యలో పాడై, బాగుచేసి, ఇప్పటికీ పారుతోంది. ట్రేవి ఫౌంటెన్‌లో పడేది ఆ కాలువ నీళ్ళే. పాంథియన్ నుంచి ట్రేవికి పది నిమిషాల నడక, ఒకదాని వెంట ఒకటి చూడండి. 1762లో పూర్తయిన ఆ శిల్పాలు ఎంత గొప్పవైనా, పగలు వెళ్తే జనం వీపులు తప్ప ఏమీ కనబడవు. మేం తెల్లారి ఆరున్నరకు వెళ్ళాం, నీటి హోరు వినబడింది. అందులో వేసే నాణేలు తీసి పేదల సాయానికి వాడతారు. నాయన మన రూపాయి ఒకటి వేశాడు.

కొలోసియం గురించి అందరూ రాస్తారు, నేను రెండు ముక్కలతో వదిలేస్తాను. టికెట్లు సొంత సైటులో ముందుగానే తీసుకోవాలి, వాటి మీద పేర్లుంటాయి కాబట్టి పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. అదే టికెట్టుతో పక్కనున్న ఫోరమ్ శిథిలాలు, పలాటైన్ కొండ కూడా చూడొచ్చు, కానీ మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళను ఒకే పూట మూడూ తిప్పకండి. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు. ఏడింటికి తెరిచేటప్పుడే వెళ్తే క్యూ ఉండదు, ఎండెక్కితే గంటన్నర నిలబడాలి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చీరకు ఏ ఇబ్బందీ లేదు. గుమ్మటం పైకి 551 మెట్లు, లిఫ్టు తీసుకున్నా ఇంకా 320 మిగులుతాయి. ఆ లెక్క లిఫ్టు దగ్గరే పెద్దవాళ్ళకు చెప్పెయ్యండి. అమ్మ కిందనే ఉండి మైకెలాంజెలో చెక్కిన పియెతా ముందు చాలాసేపు కూర్చుంది. చనిపోయిన కొడుకును ఒళ్ళో వేసుకున్న తల్లి. మెట్లు దిగి వచ్చేసరికి అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, నేనేమీ అడగలేదు.

రద్దీ మెట్రోలో జేబుల మీద కన్నేసి ఉంచండి. తెర్మిని దగ్గర నాయన సంచి జిప్పు సగం తెరిచారు, అమ్మ చూసి గట్టిగా అరిచింది కాబట్టి సరిపోయింది. పాస్‌పోర్టులు నడుం పట్టీలో, చొక్కా కింద కట్టుకోండి.

ఇప్పుడు ఎవరూ పోని చోటు చెబుతాను. మెట్రో ఏ లైన్‌లో జూలియో అగ్రికోలా స్టేషన్ దిగి కాస్త నడిస్తే కాలువల పార్కు వస్తుంది, టికెట్ లేదు. పచ్చిక నేల, రాళ్ళ బాధ లేదు, అమ్మ హాయిగా నడిచింది. అక్కడ క్లాడియస్ చక్రవర్తి పేరున్న కాలువ తోరణాలు కొండల వైపు వరసగా పోతుంటాయి. క్రీ.శ. 38లో మొదలుపెట్టి 52లో పూర్తిచేశారు, 69 కిలోమీటర్ల దూరం, ఒక్క మోటారు లేదు, అంతా వాటం మీదే. ఊరు దగ్గరికొచ్చేసరికి నీళ్ళ ఎత్తు తగ్గిపోకుండా ఉండటానికే ఈ తోరణాల మీద నడిపించారు. మా హెచ్చెల్సీలో లోయ దాటించడానికి కట్టే తొట్టి కాలువ ఆలోచన కూడా ఇదే అని నాయన నాకు కట్టెపుల్లతో మట్టిలో గీసి చూపించాడు. క్రీ.శ. 97లో రోము నీళ్ళకు పెద్దాఫీసరుగా వచ్చిన ఫ్రాంటినస్, దారి పొడవునా పొలాల వాళ్ళు కాలువకు కన్నాలు పెట్టి నీళ్ళు తీసుకుంటున్నారని, శాఖలోని మనుషులే గొట్టాలకు చిల్లులు పెట్టి అమ్ముకుంటున్నారని రాసిపెట్టాడు. ఇది చదివి వినిపిస్తే నాయన లేచి కూర్చున్నాడు. "అప్పుడూ ఇదేనా పాపా!" అన్నాడు. ఆ రోజంతా తన సర్వీసు కథలు చెప్పాడు, నేను ఎన్నడూ విననివి. ఎండాకాలం చివరి ఊళ్ళకు నీళ్ళందక రైతులు ఆఫీసు ముందు కూర్చుంటే తను ఇంటికి రాకుండా షట్టరు దగ్గరే పడుకున్న రాత్రులు.

మన దగ్గర ఇంత శ్రద్ధ లేదనుకోకండి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టాలంటే కావాల్సినవి పన్నెండు, రాకూడని దోషాలు ఆరు అని లెక్కగా చెక్కించారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని కూడా ఉంది. తెర్మిని దగ్గర్లో పోర్తా మజ్జోరె అనే పాత ద్వారం మీద క్లాడియస్ కాలువ శాసనం చూసినప్పుడు నాయన తలుచుకున్నది దాన్నే. రోములో ఆ ద్వారం ముందు ట్రాములు ఆగుతాయి, శాసనం కిందనుంచే చదవొచ్చు. పోరుమామిళ్ళకు ఈ ఉగాది తర్వాత మేం ముగ్గురం వెళ్తున్నాం, అదీ రాస్తాను.

చివరి పొద్దు శాన్ క్లెమెంతె చర్చికి పెట్టుకున్నాం, కొలోసియం నుంచి ఐదారు నిమిషాల నడక. పైన పన్నెండో శతాబ్దపు చర్చి. మెట్లు దిగితే దాని కింద నాలుగో శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే మొదటి శతాబ్దపు రోము ఇళ్ళు, సందు, అప్పటి రోమన్లు కొలిచిన మిత్ర దేవుడి చిన్న గుడి. కిందికి పోవడానికి టికెట్టుంది, ఫొటోలు తీయనివ్వరు, మెట్లు తడిగా ఉంటాయి కాబట్టి చెయ్యి పట్టుకుని దించండి. ఆ అడుగు అంతస్తులో ఒక గదిలోకి రాగానే నీళ్ళ చప్పుడు. గోడ వెనక ఎక్కడో గలగలా పారుతున్నాయి. ఒకప్పుడు ఈ అడుగంతా నీళ్ళు నిలిచి ఉంటే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సొరంగం తవ్వి కొలోసియం వైపున్న రోమన్ల నాటి పాత మురుగు కాలువలోకి కలిపారు. నాయన గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. "మంచి ఊపు మీదుండాయి," అన్నాడు. అమ్మ కూడా వచ్చి చెవి పెట్టింది.